చిన్న విమానానికి రెండు పరీక్షలు

బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ళలో సురంజన్ దాస్ రోడ్డు మీదుగా పోనివాళ్ళు తక్కువ. హెచ్‌ఏఎల్ వైపు పోవాలన్నా, సీవీ రామన్ నగర్‌లో చుట్టాలింటికి పోవాలన్నా ఆ రోడ్డు తగులుతుంది. ఆ పేరు ఎవరిది అంటే మాత్రం చెప్పేవాళ్ళు అరుదు. ఆయన వైమానిక దళంలో టెస్ట్ పైలట్. మన దేశంలో తయారైన హెచ్‌ఎఫ్-24 మారుత్ జెట్టును 1961 జూన్ 17న మొదటిసారి గాలిలోకి లేపింది ఆయనే. 1970 జనవరి 10న అదే మారుత్‌లో ఒక కొత్త రకాన్ని పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయారు.

టెస్ట్ పైలట్ అనే మాట ఈ ఊరికి కొత్త కాదు అని చెప్పడానికే ఈ ముక్క. ఈ పేజీలో ఇంతవరకు వలసలు, బావులు, గుళ్ళు, పాత ఇంటి పేర్లు ఇట్లాంటివే రాస్తూ వచ్చాం. ఈసారి ఒక విమానం కథ రాస్తున్నాం. కెనడాలో పుట్టిన బాంబార్డియర్ సీ సిరీస్, ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ220 అని పిలిచే చిన్న జెట్టు. దాన్ని పైలట్లు ఎట్లా పరీక్షించారు, తరవాత రోజూ నడిపే పైలట్లు దానిలో ఏం చూశారు అన్నదే విషయం. మనకెందుకు అంటారా? మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చాలామంది హెచ్‌ఏఎల్‌లో చేశారు, పిల్లలు చాలామంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. మేం చేసేదీ సాఫ్ట్‌వేర్ టెస్టింగే. ‘పరీక్ష నెగ్గింది’ అన్న మాటకు అసలు అర్థం ఏమిటన్నది మా కూడు పెట్టే ప్రశ్న. ఆ ప్రశ్నకు ఈ విమానం చరిత్రలో దొరికినంత తేటైన జవాబు మాకు వేరేచోట దొరకలేదు.

అన్న చొక్కా, తమ్ముడి చొక్కా

రెండు వరుసల సీట్ల నడుమ ఒకే దారి ఉండే విమానాన్ని సన్న విమానం అనుకుందాం. మనం హైదరాబాదుకో విజయవాడకో ఎక్కే ఏ320, బోయింగ్ 737 ఆ జాతివే. వీటిలో సుమారు 150 నుంచి 180 మంది కూర్చుంటారు. అంతమంది దొరకని ఊళ్ళకు 100 నుంచి 130 సీట్ల జెట్టు కావాలి. పెద్ద కంపెనీలు దీనికి సులువైన దారి పట్టాయి. ఉన్న విమానాన్నే పొట్టిగా కోశాయి. ఎయిర్‌బస్ ఏ320ని కుదించి ఏ318 చేసింది. బోయింగ్ 737ని కుదించి 737-600 చేసింది.

అన్న చొక్కా కత్తిరించి తమ్ముడికి వేసినట్టే అయింది. పొడుగు తగ్గింది గానీ రెక్కలు, చక్రాలు, వాటిని మోసే ఎముకలు పెద్ద విమానానివే. మనుషులు తక్కువ, బరువు మాత్రం అంత తగ్గలేదు. ఒక్కో సీటుకు అయ్యే ఖర్చు ఎక్కువైంది. అందుకే ఏ318లు మొత్తం 80 మాత్రమే తయారయ్యాయి, 737-600లు 69తో ఆగిపోయాయి.

బాంబార్డియర్ మాంట్రియల్ కంపెనీ. అప్పటికే 50 నుంచి 100 సీట్ల ప్రాంతీయ జెట్లు చేసి పేరు తెచ్చుకుంది. చిన్న విమానాన్ని మొదటినుంచీ చిన్నదిగానే కడదాం అనుకుంది. మధ్యలో ఒకసారి పక్కన పెట్టి, మళ్ళీ ఎత్తుకొని, 2008 జూలై 13న సీ సిరీస్‌ను అధికారికంగా మొదలుపెట్టింది. ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు, మొత్తం వరుసకు ఐదు సీట్లు. అల్యూమినియం-లిథియం మిశ్రమలోహంతో ఒళ్ళు, బెల్‌ఫాస్ట్‌లో చేసిన కాంపోజిట్ రెక్క. ప్రాట్ అండ్ విట్నీ వారి కొత్తరకం ఇంజిన్. మామూలు ఇంజిన్‌లో ముందుండే పెద్ద ఫ్యాను, దాన్ని తిప్పే టర్బైను ఒకే వేగంతో తిరుగుతాయి. ఇందులో నడుమ ఒక గేరు పెట్టారు. టర్బైను దాని వేగంలో అది తిరుగుతుంది, ఫ్యాను దానికి సుమారు మూడో వంతు వేగంతో నెమ్మదిగా తిరుగుతుంది. ఇంధనం ఆదా, చప్పుడు తక్కువ.

ఒకేసారి కొత్త ఒళ్ళు, కొత్త రెక్క, కొత్త ఇంజిన్, కొత్త సాఫ్ట్‌వేర్. మా పనిలో ఒక రిలీజులో ఇన్ని మార్పులు పెడితే టెస్టింగ్ వాళ్ళంతా తల పట్టుకుంటారు. అక్కడా అదే జరిగింది. మొదటి ప్రయాణం 2012 చివర అనుకున్నది వాయిదాలు పడుతూ పోయింది.

ఎగరని విమానం

ఎగరకముందే బాంబార్డియర్ వాళ్ళు మిరాబెల్‌లో ఒక ‘సున్నా నెంబరు’ విమానం కట్టారు. దానికి ఎగిరే రెక్కలు లేవు. ఒక పెద్ద షెడ్డులో అసలు విమానానికి పెట్టే కంప్యూటర్లు, వైర్లు, హైడ్రాలిక్ గొట్టాలు, చక్రాల యంత్రాంగం అన్నీ కలిపి నేల మీదే పరిచారు. పైలట్ ఒక నమూనా కాక్‌పిట్‌లో కూర్చొని స్టిక్ కదిపితే ఆ వ్యవస్థలన్నీ నిజంగా పనిచేస్తాయి. ఏదైనా పంపు కావాలని ఆపేసి, తక్కినవి ఏం చేస్తాయో చూస్తారు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఈ విమానం ఫ్లై-బై-వైర్ రకం. పైలట్ చేతికీ రెక్క మీద కదిలే పలకలకీ నడుమ ఇనుప తాళ్ళు ఉండవు. పైలట్ ఏం కావాలంటున్నాడో కంప్యూటర్ చదివి, అది పలకలను కదుపుతుంది. విమానం అదుపు తప్పే చోటికి పోబోతే కంప్యూటర్ అడ్డుపడుతుంది. కంప్యూటర్ సాయం తగ్గిపోయినా పైలట్ నేరుగా నడపగలిగేలా ఇంకో పద్ధతీ ఉంటుంది. అంటే పరీక్ష రెండు విమానాలకు చేసినట్టు. అన్నీ బాగున్నప్పటి విమానం ఒకటి, కొన్ని చెడ్డప్పటి విమానం ఇంకొకటి.

మొదటి రోజు

2013 సెప్టెంబర్ 16. మిరాబెల్ నుంచి మొదటి సీఎస్100 గాలిలోకి లేచింది. నడిపింది కెప్టెన్ చక్ ఎల్లిస్. పక్కన కెప్టెన్ ఆండ్రిస్ లిటావ్‌నీక్స్, వెనక కొలతలు చూసే ఇంజినీరు ఆండ్రియాస్ హార్టోనో. రెండున్నర గంటలు తిరిగి వచ్చారు. 12,500 అడుగుల ఎత్తు, 230 నాట్ల వేగం దాటలేదు. ఈ రకం విమానం రోజువారీగా 35,000 అడుగుల పైన పోతుంది. మరి మొదటి రోజు ఇంత తక్కువేమిటి అనిపిస్తుంది. టెస్ట్ పైలట్ పని ధైర్యం చూపించడం కాదు. నిన్న ఎంతవరకు తెలుసో దానికంటే ఒక్క మెట్టు పైకి పోవడం, అక్కడ ఆగి కొలతలు చూడడం, మళ్ళీ ఇంకో మెట్టు. ఆ రోజు నేల మీద నిలబడి చూసినవాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ తోచింది విమానం ఎంత నిశ్శబ్దంగా లేచిందో అన్నదే.

తరవాత మరికొన్ని పరీక్షా విమానాలు చేరాయి, అసలు పని అమెరికాలోని విచిటాలో జరిగింది. ఏ కొత్త జెట్టుకైనా తప్పని పరీక్షలు కొన్ని ఉంటాయి. వేగం పెంచుతూ పోతే రెక్క వణకడం మొదలుపెడుతుందా, మొదలైతే దానంతట అదే తగ్గుతుందా అని చూస్తారు. వేగం తగ్గిస్తూ తగ్గిస్తూ రెక్కకు ఎత్తే బలం పోయేదాకా తీసుకుపోతారు. తోక రన్‌వేకి రాసుకునేంతగా ముక్కు ఎత్తి, అతి తక్కువ ఏ వేగంలో నేల వదులుతుందో కొలుస్తారు. నిండు బరువుతో పరుగెత్తి, లేవబోయే ముందు బ్రేకు కొడతారు. నీళ్ళు నిలిపిన రన్‌వే మీద పరుగెత్తి ఇంజిన్‌లోకి నీళ్ళు పోతే ఏమవుతుందో చూస్తారు. ప్రయాణికుల పైలట్ జీవితమంతా తప్పించుకోవలసిన చోట్లకే టెస్ట్ పైలట్ పనిగట్టుకొని పోతాడు.

పైలట్ మాటకు గీటురాయి

కొలిచే యంత్రాలు వందలుంటాయి. అయినా ‘నడపడానికి ఎట్లా ఉంది?’ అన్న ప్రశ్నకు యంత్రం జవాబు చెప్పలేదు. మనిషి చెప్పాలి. మనిషి చెప్పేది ‘బాగుంది’, ‘పరవాలేదు’ అయితే ఇంజినీరుకు పనికిరాదు. ఈ చిక్కుకు 1969లో జార్జ్ కూపర్, రాబర్ట్ హార్పర్ అనే ఇద్దరు ఒక దారి చూపారు. నాసా ప్రచురించిన ఆ కొలబద్దను ఇప్పటికీ లోకమంతా వాడుతున్నారు. కన్నడంలో ఒరెగల్లు అంటాం, తెలుగులో గీటురాయి. టెస్ట్ పైలట్లకు ఆ గీటురాయి ఇది.

ఒకటి నుంచి పది అంకెలు. ఒకటి అంటే అద్భుతం, పది అంటే అదుపు తప్పింది. అంకె వేసే ముందు పైలట్ వరసగా కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. అదుపులో ఉందా? అనుకున్న పని, ఓర్చుకోగలిగిన శ్రమతో సాధ్యమైందా? శ్రమ పడకుండానే సరిపోయిందా, లేక విమానంలో ఏదైనా దిద్దాలా? ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. విమానం సరిగ్గా దిగిందా అన్నది ఒక్కటే లెక్క కాదు. సరిగ్గా దించడానికి పైలట్ ఎంత కష్టపడ్డాడు అన్నది కూడా లెక్కే. మంచి పైలట్ చెడ్డ విమానాన్నీ చక్కగా దించగలడు. ఆ నైపుణ్యం వెనక విమానం లోపం దాక్కోకూడదు. మా పనిలోనూ చూస్తుంటాం. అనుభవం ఉన్నవాడు అలవాటుగా ఒక దొడ్డిదారి వాడి పని ముగిస్తాడు, తప్పు ఎవరికీ కనిపించదు. కొత్తవాడు వస్తేగానీ అది బయటపడదు.

కదిలే లీవర్లు

సీ సిరీస్ కాక్‌పిట్‌లో పైలట్లు ఎక్కువగా మాట్లాడుకున్న సంగతి ఒకటి మన బెంగళూరుకూ తగులుతుంది. అందుకే ఇక్కడ కొంచెం ఆగుదాం.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయానికి దిగబోతూ రన్‌వేకి ముందే గోల్ఫ్ మైదానంలో నేలకు తగిలింది. 146 మందిలో 92 మంది పోయారు. ఏ320 అప్పటికి ప్రయాణికుల సేవలోకి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. దిగేటప్పుడు ఇంజిన్లు అతి తక్కువ శక్తిలో ఉండిపోయాయి, వేగం పడిపోతూ వచ్చింది, గమనించి శక్తి పెంచేటప్పటికి ఎత్తు మిగలలేదు. పైలట్లు పరిస్థితిని సకాలంలో గుర్తించలేదని విచారణ తేల్చింది. అయినా పైలట్లలో ఒక వాదన ఆగలేదు. ఏ320లో కంప్యూటర్ ఇంజిన్ శక్తిని పెంచినా తగ్గించినా పైలట్ చేతి కింద ఉండే లీవర్లు కదలవు. శక్తి ఎంతుందో తెర మీద అంకెలు చూసి తెలుసుకోవాలి. పాత విమానాల్లో లీవరు తనంతట తాను కదులుతుంటే చేతికీ, ఓర కంటికీ తెలిసిపోయేది. ఏది మంచిది? ఏ320 తరవాత వేల సంఖ్యలో క్షేమంగా ఎగిరింది, ఎగురుతోంది. అందుకని జవాబు అంత సులువు కాదు.

సీ సిరీస్ వాళ్ళు రెండు సంప్రదాయాలనుంచీ తీసుకున్నారు. ఎయిర్‌బస్‌లో ఉన్నట్టు పక్కన చిన్న సైడ్‌స్టిక్ పెట్టారు. లీవర్లు మాత్రం బోయింగ్‌లో ఉన్నట్టు కంప్యూటర్‌తోబాటు కదిలేలా చేశారు. వేగం మారితే పైలట్ ట్రిమ్ బటన్‌తో సరిచేసుకోవాలి. అంటే వేగం సంగతి కళ్ళతోబాటు చేతికీ తెలుస్తుంది. ఎదురుగా ఐదు పెద్ద తెరలు. బోయింగ్ నుంచి వచ్చినవాడికీ ఎయిర్‌బస్ నుంచి వచ్చినవాడికీ కొంత పాత, కొంత కొత్త. చిన్నదైన సీఎస్100, పెద్దదైన సీఎస్300 రెండిటికీ పైలట్‌కు ఒకే అర్హత చాలు.

ఇంజిన్ పగిలిన రోజు

2014 మే 29న మొదటి పరీక్షా విమానాన్ని నేల మీద నిలబెట్టి ఇంజిన్ నడుపుతుండగా ఇంజిన్ లోపల భాగాలు విరిగి బయటికి వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజిన్‌కు నూనె అందించే వ్యవస్థలో లోపమని తేలింది. పరీక్షా విమానాలన్నీ ఆగిపోయి, మార్పులు చేశాక సెప్టెంబర్ 7న మళ్ళీ ఎగిరాయి. మూడు నెలలకు పైగా పోయింది, డబ్బూ పోయింది. వార్తల్లో దీన్ని వైఫల్యం అని రాశారు. టెస్టర్ల కళ్ళతో చూస్తే పరీక్ష తన పని తాను చేసింది. ప్రయాణికులు ఎక్కకముందే, నేల మీదే, చెడవలసింది చెడింది.

2015 డిసెంబర్ 18న కెనడా రవాణా శాఖ సీఎస్100కు ధ్రువపత్రం ఇచ్చింది. ఏడు నెలల తరవాత సీఎస్300కూ వచ్చింది. మొదటి పరీక్ష ముగిసింది.

రెండో పరీక్ష

2016 జూలై 15న స్విస్ ఎయిర్‌లైన్స్ జ్యూరిక్ నుంచి పారిస్‌కు మొదటి ప్రయాణికులను తీసుకుపోయింది. డిసెంబర్ 14న ఎయిర్‌బాల్టిక్ రీగా నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు సీఎస్300 నడిపింది. టెస్ట్ పైలట్ ‘ఎక్కడ చెడుతుంది?’ అని అడుగుతాడు. రోజూ నడిపే పైలట్ అడిగేది వేరు: ‘పొద్దున ఆరింటికి మంచులో, వెనక 100 మంది కూర్చొని ఉండగా, ఇది నన్ను సతాయిస్తుందా?’

సతాయించింది కొన్నిచోట్ల. మొదటి నెలల్లో తెర మీద అక్కర్లేని హెచ్చరికలు పదేపదే వచ్చేవి. యంత్రం బాగానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఏదో అయిందంటుంది. ఇది చిన్న చికాకు కాదు. ‘నాన్నా పులి’ కథ మనందరికీ తెలుసు. ఊరికే అరిచే హెచ్చరికను మనిషి నాలుగు రోజుల్లో పట్టించుకోవడం మానేస్తాడు. తరవాతి సాఫ్ట్‌వేర్ వెర్షన్లలో వీటిని తగ్గిస్తూ వచ్చారు.

ఇంకొకటి ఇంజిన్ స్టార్టు చేయడం. వేడి ఇంజిన్‌ను ఆపితే లోపల పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి షాఫ్టు వెంట్రుకవాసి వంగుతుంది. వెంటనే వేగంగా తిప్పితే రాసుకుంటుంది. కాసేపు నెమ్మదిగా తిప్పి, సరి అయ్యాక అంటించాలి. ఈ గేరు ఇంజిన్ల జాతిలో ఆ కాసేపు మొదట్లో ఎక్కువగానే పట్టింది. పరీక్షల్లో రెండు నిమిషాలు లెక్కలోకి రావు. రోజుకు ఆరేడు సార్లు దిగి లేచే విమానానికి అవే పెద్ద లెక్క.

మెచ్చుకున్నవీ ఉన్నాయి. స్విస్ పైలట్లు చాలామంది నాలుగు ఇంజిన్ల పాత ఆవ్రో జెట్ల నుంచి దీనికి మారారు. లండన్ సిటీ విమానాశ్రయం ఆ పాత జెట్లకు అలవాటైన చోటు. రన్‌వే 1,508 మీటర్లే, చుట్టూ మేడలు. మామూలు విమానాశ్రయానికి 3 డిగ్రీల వాలులో దిగితే ఇక్కడ 5.5 డిగ్రీలు. మేడమెట్లు దిగినట్టు ఉంటుంది. వేగం పెరగకుండా అంత నిటారుగా దిగి, పొట్టి రన్‌వేలో ఆగాలి. సీఎస్100 దీనికి వేరే పరీక్షలు నెగ్గి, 2017 ఆగస్టు 8న జ్యూరిక్ నుంచి లండన్ సిటీకి ప్రయాణికులతో దిగింది.

విమానం నెగ్గింది, కట్టినవాళ్ళు నిలవలేదు

పైలట్ల మెప్పు అప్పు తీర్చదు. ఖర్చు అనుకున్నదానికంటే ఎంతో పెరిగింది. 2016లో అమెరికాకు చెందిన డెల్టా 75 విమానాలు కొనడానికి ముందుకొస్తే, మరుసటి ఏడు బోయింగ్ ఫిర్యాదు చేసింది. అమెరికా వాణిజ్య శాఖ దాదాపు 292 శాతం సుంకం వేయాలంది. 2018 జనవరి 26న అక్కడి వాణిజ్య కమిషన్ నలుగురికి నలుగురూ బాంబార్డియర్ పక్షాన తీర్పు ఇచ్చి దాన్ని కొట్టేసింది. అప్పటికే ఎయిర్‌బస్‌తో ఒప్పందం కుదిరింది. జూలై 1న పగ్గాలు ఎయిర్‌బస్ చేతికి పోయాయి, పది రోజుల్లో పేరు ఏ220 అయింది. 2020లో బాంబార్డియర్ పూర్తిగా తప్పుకుంది. ఒకనాడు పెద్ద విమానాన్ని కోసి ఏ318 చేసిన కంపెనీయే చివరికి ఈ చిన్నదాన్ని ఇంటికి తెచ్చుకుంది.

పత్రం వచ్చాక కూడా

2019 జూలై, సెప్టెంబర్, అక్టోబర్‌లలో మూడుసార్లు స్విస్ ఏ220ల ఇంజిన్లు పైకి పోతుండగా చెడ్డాయి. మూడుసార్లూ పైలట్లు ఒక్క ఇంజిన్‌తో క్షేమంగా దించారు. స్విస్ తన ఏ220లను కొద్దిసేపు నేల మీద ఆపి ఇంజిన్లు తనిఖీ చేసింది. 29,000 అడుగుల పైన ఫ్యాను వేగం 94 శాతం దాటనీయవద్దని కెనడా అధికారులు ఆదేశం ఇచ్చారు. విచారణ చూపు ఇంజిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఒక మార్పు మీదికి కూడా పోయింది.

మాకు ఇక్కడ గుండె కొంచెం ఆగి కొట్టుకుంటుంది. వేల గంటలు పరీక్షించిన యంత్రం, మూడేళ్ళు ప్రయాణికులను మోసిన యంత్రం. నెగ్గిన పరీక్ష నిన్నటి విమానానిది. ఏదైనా ఒక్కటి మారిన మరుక్షణం మన ముందున్నది కొత్త విమానమే, దాన్ని మళ్ళీ పరీక్షించాలి. ‘చిన్న మార్పే కదా’ అన్న మాట ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. ఆ మాటకు జవాబుగా ఈ 2019 కథను గుర్తుపెట్టుకున్నాం. అంతే కాదు, ఆ మూడు రోజులూ ప్రాణాలు నిలిపింది ఏమిటో చూడండి. ఒక ఇంజిన్ ఆగినా విమానం ఎగరాలి, పైలట్ చేతికి లొంగాలి అని టెస్ట్ పైలట్లు ముందే పరీక్షించి పెట్టినదే. మొదటి పరీక్ష అన్ని తప్పులనూ పట్టలేకపోయింది. తప్పు జరిగినా మనుషులు బతికేలా మాత్రం చూసింది.

మనలో చాలామంది ఈ విమానం ఎక్కి ఉండరు. అయినా ఇప్పుడు ఇది మనకు మరీ దూరం కాదు. 2024 ఫిబ్రవరిలో ఏ220 తలుపుల తయారీ పనిని ఎయిర్‌బస్ బెంగళూరులోని డైనమాటిక్ టెక్నాలజీస్‌కు ఇచ్చింది. జ్యూరిక్‌లోనో రీగాలోనో ఒక తల్లి బిడ్డను ఎత్తుకొని విమానంలోకి అడుగుపెట్టే గడప మన ఊళ్ళో తయారవుతుందన్నమాట. ఆ తలుపుకూ పరీక్ష ఉంటుంది, దాన్ని చేసేవాళ్ళలో మన తెలుగు పిల్లలూ, కన్నడ పిల్లలూ ఉంటారు. వాళ్ళు రాసే ‘సరిగ్గా ఉంది’ అన్న రెండు మాటల మీద ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నమ్మకంగా కూర్చుంటారు.

మీ ఇళ్ళల్లో హెచ్‌ఏఎల్‌లో, ఎన్‌ఏఎల్‌లో, ఇట్లాంటి తయారీ షాపుల్లో తనిఖీ పని చేసిన పెద్దవాళ్ళు ఉంటే ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఏం చెక్ చేసేవారు, ఏది చూస్తే సంతకం పెట్టేవారు, ఏది చూస్తే పెట్టేవారు కాదు అని. చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి. తెలుగులోనైనా, కన్నడంలోనైనా సరే, ఇక్కడ పెడతాం.